మీకు తెలుసా? రెండో రోజు గట్టెక్కితేనే కూలి

అత్తిలి చుట్టూ ఎటు చూసినా వరిచేలే. ఇక్కడ క్రికెట్ బ్యాటు లేని వీధి ఉండదు, గోల్ఫ్ కర్ర చూసినవాళ్లు మాత్రం అరుదు. టీవీలో చూసి అది కోటీశ్వరుల ఆట అనుకుంటాం. పైకి రావాలని ఊళ్లు పట్టుకు తిరిగే కుర్ర ప్రొఫెషనల్ సంగతి వేరు. సూట్‌కేసు, కర్రల సంచి, లాడ్జి గది, అప్పుల లెక్క... ఆ తిరుగుడు బతుకులోని కొన్ని ముచ్చట్లు ఈ వారం.

జీతం లేని ఉద్యోగం

ఐపీఎల్ వేలంలో అమ్ముడైన కుర్రాడు సీజనంతా బెంచీ మీద కూర్చున్నా డబ్బులొస్తాయి. గోల్ఫ్ ప్రొఫెషనల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎంట్రీ ఫీజు, రైలో విమానమో టికెట్టు, గది అద్దె, భోజనం, సంచి మోసే కేడీ కూలి అన్నీ సొంత జేబులోంచే. స్పాన్సర్ దొరికితే అదృష్టం. దొరకనివాళ్లకు నాన్న పీఎఫ్ డబ్బో, బంధువుల చేబదులో దిక్కు. అంటే ఆడడానికి వెళ్లేవాడు ముందు తనే ఎదురు డబ్బు కట్టి వెళ్తున్నాడన్నమాట.

ఆ గీత పేరు ‘కట్’

టోర్నమెంటు సాధారణంగా నాలుగు రోజులు. రోజుకు 18 హోల్స్ (గుంతలు). తక్కువ దెబ్బల్లో ముగించినవాడే పైన. కానీ దిగినవాళ్లందరూ నాలుగు రోజులూ ఆడరు. రెండు రోజులు, 36 హోల్స్ అయ్యాక ఒక గీత గీస్తారు. అమెరికాలోని పీజీఏ టూర్‌లో మామూలు పోటీల్లో తొలి 65 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మిగులుతారు. మన దేశంలోని పీజీటీఐ టూర్‌లో తొలి 50 మంది, వాళ్లతో సమానమైనవాళ్లు. మిగతావాళ్లు ఆ సాయంత్రమే సంచి సర్దుకోవాలి. ప్రైజ్ మనీలో వాళ్లకు పైసా రాదు. గది అద్దె మాత్రం కట్టాల్సిందే.

గుడ్డు కన్నా తేలిక

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. మామూలు కోడిగుడ్డు కన్నా తేలికే. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అది పడాల్సిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. రెండు రోజుల్లో సుమారు 140 సార్లు ఆ బంతిని కొట్టినవాడు, ఒక్కసారి అది గుంత అంచు తాకి బయటికి దొర్లినందుకు ఆ వారం ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. ఆ ఒక్క దెబ్బ (స్ట్రోక్) తేడా ఏడాది చివర్లో ‘కార్డు’ (టూర్‌లో ఆడే హక్కు) ఉంటుందా, ఊడుతుందా అన్నదాన్నీ తేల్చేయగలదు.

మొదటివాడికి 18, చివరివాడికి పావలా కూడా కాదు

పీజీఏ టూర్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న పద్ధతి ప్రకారం మొత్తం బహుమతి సొమ్ములో విజేతకు 18 శాతం. రెండో స్థానానికి 10.9 శాతం. కట్ దాటి 65వ స్థానంలో నిలిచినవాడికి 0.2 శాతం చిల్లర. వందకు పావలా కూడా లేదు. పీజీటీఐలో కోటి రూపాయల పోటీ గెలిస్తే చేతికొచ్చేది రూ.15 లక్షలు. గెలిచేది ఒక్కడే. కట్ దాటిన వారంలో కూడా కింద నిలిచినవాడికి ఖర్చులు పోను మిగిలేది స్వల్పమే.

పక్కన నడిచేవాడి లెక్క

కేడీ అంటే సంచి మోసేవాడే కాదు. గాలి ఎటు వీస్తోంది, ఏ కర్ర తీయాలి, గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ఎటు వాలి ఉంది అన్నీ చెప్పే సలహాదారు. పెద్ద టూర్లలో వారానికి ఇంత అని కూలి ఇచ్చి, పైన వాటా ఇస్తారు. కట్ దాటితే ఆటగాడి సంపాదనలో 5 శాతం, తొలి పది స్థానాల్లో వస్తే 7, గెలిస్తే 10. రాతకోతల్లేని ఆనవాయితీ ఇది. ఆటగాడు కట్ తప్పితే కేడీకి కూలి ఒక్కటే మిగులుతుంది. ఒకే రాత మీద రెండు కుటుంబాలు నడుస్తాయి.

సంచి విప్పి చూస్తే

గోల్ఫ్‌లో 14 కర్రలకు మించి పట్టుకెళ్లకూడదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో పెట్టిన నిబంధన అది. పట్టుకెళ్తే పెనాల్టీ. ఇక మిగతా సామాను చూడండి. డజను బంతులు, చెమటకు తడిస్తే మార్చుకోవడానికి నాలుగైదు గ్లవ్స్, వాన కోటు, గొడుగు, తడి తువ్వాలు, రెండు అరటిపళ్లు, జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం. ఆ పుస్తకంలో ఒక్కో హోల్‌కు ఒక్కో పేజీ. ఏ ఇసుక గుంత దాటాలంటే ఎన్ని గజాలు, గ్రీన్ మీద బంతి ఎటు జారుతుంది అన్నీ పెన్సిలుతో బాణం గుర్తులు. పోటీకి ముందు రోజు మైదానమంతా నడిచి రాసుకున్నవి. మళ్లీ వారం ఇంకో ఊరు, ఇంకో పుస్తకం.

గరిక పీకే చోటు, గరిక పెంచే చోటు

వినాయక చవితికి ఏరి తెచ్చే గరిక గుర్తుందిగా? మనబోటి వేడి ప్రాంతాల్లో గోల్ఫ్ గ్రీన్లు ఆ జాతి గడ్డితోనే తయారవుతాయి. మన గరికను ఆఫ్రికా గడ్డితో సంకరం చేసి అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో తీసిన టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ రకాలు దేశదేశాల్లో పరుచుకున్నాయి. వాటిని రోజూ సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అత్తిలి రైతు సార్వాకూ దాళ్వాకూ గట్ల మీద పీకి పారేసే మొక్కకు గోల్ఫ్ క్లబ్బులో నీళ్లు, ఎరువులు, ప్రత్యేకంగా మనుషులు!

మనవాళ్లకు దగ్గర్లో ఎక్కడ?

18 హోల్స్ మైదానానికి వంద ఎకరాలు దాటిన నేల కావాలి. డెల్టాలో అంత మాగాణి ఆటకు ఎవరిస్తారు? గోదావరి జిల్లాల పిల్లాడికి ఈ ఆట పిచ్చి పట్టిందంటే నిడదవోలులోనో తాడేపల్లిగూడెంలోనో మెయిన్ లైన్ రైలు పట్టుకోవాలి. అటు విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్, ఇటు హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లా పక్కన మైదానం, వికారాబాద్ దగ్గర వూటీ మైదానం. వైజాగ్ ఓపెన్, గోల్కొండ మాస్టర్స్, వూటీ మాస్టర్స్ పేర్లతో పీజీటీఐ ఈ మూడు చోట్లా పోటీలు నడిపింది. గోల్కొండలో ఆడేవాళ్లకు వందల ఏళ్ల నాటి ‘హతియాన్ కా ఝాడ్’ అనే బావోబాబ్ చెట్టు ఉన్న కోటగోడలే పొరుగు.

సంచి మోసినవాళ్లే గెలిచారు

బ్రిటిష్ దీవుల బయట పుట్టిన అతి పాత గోల్ఫ్ క్లబ్బు మన కలకత్తాలోదే, రాయల్ కలకత్తా, 1829. కానీ ఇండియన్ ఓపెన్‌ను భారత ప్రొఫెషనల్ గెలవడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. గెలిచింది ఢిల్లీలో కేడీగా మొదలైన అలీ షేర్. 1993లో మళ్లీ గెలిచాడు. రాయల్ కలకత్తాలో పచ్చిక చూసుకునే మనిషి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్‌తో మొదలుపెట్టి, 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. 2009లో అదే టైటిల్ గెలిచిన సి. మునియప్ప కూడా బెంగళూరులో కేడీగా సంచులు మోసి పైకొచ్చినవాడే.

కార్డు అంటే ఏమిటి?

టూర్‌లో ఆడే హక్కును అందరూ ‘కార్డు’ అంటారు. అది శాశ్వతం కాదు. 2006లో మొదలైన పీజీటీఐలో ఏడాది సంపాదన పట్టికలో తొలి 60 స్థానాల్లో ఉన్నవాళ్లకు మరుసటి ఏడాదికి కార్డు నిలుస్తుంది. 61వ వాడు మళ్లీ క్వాలిఫయింగ్ స్కూల్‌కు రావాలి. పేరు స్కూలే గానీ పాఠాలుండవు, పరీక్షే. నిన్నటిదాకా టీవీలో కనిపించినవాడూ, నిన్న ప్రొఫెషనల్ అయిన కుర్రాడూ అక్కడ పక్కపక్కనే.

ఆరు రోజులు, 108 హోల్స్

అమెరికాలో ఈ క్యూ-స్కూల్ 1965లో మొదలైంది. ఏళ్ల తరబడి ఆఖరి దశ ఆరు రౌండ్లు, 108 హోల్స్ సాగేది. పెద్ద టోర్నీల కన్నా ఇక్కడే చేతులు ఎక్కువ వణుకుతాయని ఆటగాళ్లు చెప్పుకునేవారు. 2013 నుంచి దాని ద్వారా రెండో మెట్టు టూర్‌కే ప్రవేశం దక్కేది. 2023లో మళ్లీ నేరుగా పీజీఏ టూర్ తలుపు తెరిచారు. కొద్దిగానే. అప్పట్లో మొదటి ఐదు స్థానాలకు, వాళ్లతో సమానమైనవాళ్లకు మాత్రమే.

ఆరు పేర్ల టూర్

ఆ రెండో మెట్టు టూర్ 1990లో బెన్ హోగన్ టూర్‌గా పుట్టింది. తర్వాత నైకీ, బై డాట్ కామ్, నేషన్‌వైడ్, వెబ్ డాట్ కామ్, 2019 నుంచి కార్న్ ఫెర్రీ. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారింది. ఎండ, మైళ్ల కొద్దీ కారు ప్రయాణం, గదిని ఇద్దరు పంచుకోవడం మాత్రం మారలేదు. ఇప్పటి పెద్ద పేర్లలో చాలామంది ఈ దారిన వచ్చినవాళ్లే.

సోమవారం వచ్చి ఆదివారం గెలిచాడు

కార్డు లేనివాళ్లకు సోమవారం ఒక్క రోజు పోటీ పెడతారు. పదుల మంది దిగితే, పీజీఏ టూర్ పోటీల్లో మహా అయితే నాలుగు చోట్లే ఖాళీ. 2010 ఆగస్టులో అర్జున్ అత్వాల్ కార్డు పోయిన మనిషిగా అలా సోమవారం ఆడి విండమ్ చాంపియన్‌షిప్‌లోకి వచ్చాడు. తొలి రౌండు 61 దెబ్బల్లో ముగించాడు, ఆదివారం ట్రోఫీ ఎత్తాడు. పీజీఏ టూర్‌లో గెలిచిన తొలి భారతీయుడు అతనే. సోమవారం అర్హత సాధించి అదే వారం గెలవడం 1986 తర్వాత అదే మొదటిసారి.

తీగల వారి అబ్బాయి

సాహిత్ తీగల తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవారు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ పెపర్‌డైన్ యూనివర్సిటీకి ఆడుతూ 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని మూడు పెద్ద అవార్డులూ, హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్, ఒకే ఏడు తెచ్చుకున్నాడు. తీరా ప్రొఫెషనల్ అయ్యేసరికి కరోనా. ఆ ఏడు క్యూ-స్కూలే జరగలేదు. ఎవరైనా ఆహ్వానం పంపితే ఆడడం, లేకపోతే సోమవారం పోటీలూ చిన్నాచితకా టోర్నీలూ. చివరికి 2021లో కార్న్ ఫెర్రీ ఫైనల్స్ ద్వారా కార్డు చేతికొచ్చింది.

గెలుపు దాకా ఎన్ని దెబ్బలు!

2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆదివారం 17వ హోల్‌లో సాహిత్ కొట్టిన మంచి షాట్ పక్కకు గెంతి నీళ్లలో పడింది. మూడో స్థానంలో సరిపెట్టుకుని, అమ్మానాన్నల దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. అదే ఏడు జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ ఆఖరి హోల్‌లో డబుల్ బోగీ (ఉండాల్సినదానికన్నా రెండు దెబ్బలు ఎక్కువ), చేతికొచ్చిన ట్రోఫీ జారిపోయింది. డెబ్బై దాటిన పోటీల తర్వాత, 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. పార్ (నిర్ణీత స్కోరు) కన్నా 21 తక్కువ, రెండు స్ట్రోకుల తేడా, 15.12 లక్షల డాలర్లు.

తన మీద తనే ఫిర్యాదు

గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడి పక్కనా అంపైరు ఉండడు. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండులో ఇసుక గుంతలో ఉన్న బంతిని కొట్టడానికి కర్ర వెనక్కి తీస్తుంటే ఇసుక కదిలినట్టు సాహిత్‌కు అనిపించింది. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల పెనాల్టీ. చివరికి రెండో స్థానానికి రెండు స్ట్రోకుల దూరంలో మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. ఆ రెండు స్ట్రోకులు పడకపోతే రెండో స్థానంలో సమంగా నిలిచి కోటి డాలర్లు అందుకునేవాడు. ఒక్క నిజం ఖరీదు 25 లక్షల డాలర్లు! ఆ ఏడు సెప్టెంబరులో అమెరికా జట్టు తరఫున ప్రెసిడెంట్స్ కప్ ఆడాడు.

గెలిచింది, చెక్కు రాలేదు

హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ అమెచ్యూర్‌గా ఉండగానే మన దేశ మహిళల ప్రొఫెషనల్ టూర్‌లో టైటిల్ గెలిచింది. అమెచ్యూర్లు చిన్న పరిమితికి మించి ప్రైజ్ మనీ తీసుకోకూడదు. ట్రోఫీ ఆమెకు, మొదటి చెక్కు తర్వాతి స్థానంలోని ప్రొఫెషనల్‌కు. ప్రొఫెషనల్‌గా మారే తేదీ మీద ఆటగాళ్ల ఇళ్లలో అంత చర్చ జరిగేది ఇందుకే. ఒకసారి మారితే ఖర్చూ మనదే, సంపాదనా మనదే.

సంచి అమ్మ భుజాన

మన అదితి అశోక్ 18 ఏళ్ల వయసులో 2016 రియో ఒలింపిక్స్ ఆడినప్పుడు సంచి మోసింది నాన్న. టోక్యోలో ఒక్క అడుగు దూరంలో పతకం పోయి నాలుగో స్థానంలో నిలిచినప్పుడు సంచి అమ్మ భుజాన ఉంది. ఊరూరా తిరిగే కుర్ర ఆటగాళ్ల పక్కన అమ్మో నాన్నో తమ్ముడో కేడీగా కనిపించడం మామూలే. కూలి మిగులుతుంది, ఇంటి మనిషి తోడూ ఉంటుంది.

క్లబ్బు గడప దాటనివ్వని రోజులు

వందేళ్ల కిందట డబ్బు కోసం ఆడేవాళ్లను క్లబ్ హౌస్ లోపలికి రానిచ్చేవారు కాదు. 1920 బ్రిటిష్ ఓపెన్‌లో అమెరికన్ వాల్టర్ హేగన్ ఖరీదైన కారు అద్దెకు తీసుకుని, క్లబ్బు ఎదుటే ఆపి, అందులోనే బట్టలు మార్చుకున్నాడు. అదే ఏడు అమెరికాలో ఇన్వర్నెస్ క్లబ్ తొలిసారిగా వాళ్లకు తలుపులు తెరిచింది. ఆటగాళ్లంతా చందాలేసుకుని ఆ క్లబ్బుకు నిలువెత్తు గడియారం కానుకగా ఇచ్చారు.

రంగు అడ్డం వచ్చిన దారి

అమెరికా పీజీఏలో 1961 దాకా తెల్లవాళ్లకే సభ్యత్వమన్న నిబంధన ఉండేది. చార్లీ సిఫర్డ్ లాంటి నల్లజాతి ఆటగాళ్లకు హోటళ్లలో గది దొరికేది కాదు. ఆ ఊళ్లో తమవాళ్ల ఇళ్లలో తలదాచుకుని పొద్దున్నే పోటీకి వెళ్లేవారు. నిబంధన పోయాక సిఫర్డ్ 1967లో హార్ట్‌ఫర్డ్ ఓపెన్ గెలిచాడు. అప్పటికి అతని వయసు 45.

వానలో ట్రోఫీ

మన కోస్తా జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి వెళ్లిన దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో, అలాంటి భారతీయ వలస కుటుంబంలోనే పుట్టాడు పాప్వా సెవ్‌గోలుమ్. కేడీగా మొదలై, చేతులు తిరగేసి పట్టే వింత పట్టుతో 1959, 1960, 1964ల్లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్‌లో నాటాల్ ఓపెన్ కూడా గెలిస్తే, వర్ణవివక్ష చట్టాల వల్ల క్లబ్ హౌస్‌లోకి రానివ్వక బయట వానలోనే ట్రోఫీ చేతికిచ్చారు. రెండేళ్లకు అదే పోటీలో పేరుమోసిన గ్యారీ ప్లేయర్‌ను ఓడించాడు.

బోర్నియో అడవుల్లోంచి

అలాగే ఫిజీ భారతీయ సంతతివాడు విజయ్ సింగ్. కుర్రతనంలో బోర్నియోలో క్లబ్ ప్రొఫెషనల్‌గా పాఠాలు చెబుతూ, మిగతా పొద్దంతా ఒంటరిగా బంతులు కొడుతూ గడిపాడు. 2004లో ఒక్క ఏడాదిలో 9 టైటిళ్లు గెలిచి, టైగర్ వుడ్స్‌ను దించి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అప్పుడతనికి 41 ఏళ్లు. ఈ ఆటలో తిరుగుడుకు తొందరగా వయసైపోదు.

పదముగ్గురు ఆడవాళ్ల టూర్

1950లో 13 మంది కలిసి ఎల్‌పీజీఏ పెట్టారు. కార్లలో సామాను కుక్కుకుని వరుసగా ఊరి నుంచి ఊరికి సాగేవారు. మైదానంలో గుర్తులు పెట్టడం, చెక్కులు రాయడం, పోటీ ఉందని ఊళ్లో చాటింపు, అన్నీ వాళ్లే. తర్వాత ఆడడం కూడా వాళ్లే.

కట్ తప్పినా కాస్త ఊరట

సౌదీ డబ్బుతో, కట్ అనేది లేకుండా లివ్ గోల్ఫ్ అనే పోటీ టూర్ మొదలైన 2022లోనే పీజీఏ టూర్ ఒక మెట్టు దిగింది. పూర్తి హోదా ఉన్న ఆటగాడు 15 పోటీలు ఆడితే ఏడాదికి 5 లక్షల డాలర్లకు తగ్గకుండా చూస్తామంది. అంతకన్నా కింది హోదావాడు కట్ తప్పితే పోటీకి 5 వేల డాలర్ల దారి ఖర్చులిస్తామంది. గొడవ పడే పోటీదారు వస్తే తప్ప కూలి పెరగదన్నది ఇక్కడా నిజమైంది. కింది మెట్ల టూర్లకు మాత్రం ఆ హామీ రాలేదు.

ఈసారి ఇలా చూడండి

అమెరికా పోటీల రెండో రౌండు మనకు శనివారం తెల్లవారుజామున ముగుస్తుంది. లేచాక ఫోన్‌లో స్కోర్లు తెరిస్తే పైనున్న నలుగురి పేర్లు వదిలేసి కిందికి జరపండి. 65వ స్థానం దగ్గర గీత కనిపిస్తుంది. గీతకు పైన, కింద ఒక్క స్ట్రోక్ తేడాతో ఉన్న పేర్లు చదవండి. ఒకడు ఇంకో రెండు రోజుల గదికి డబ్బు కడుతుంటాడు. ఇంకొకడు వచ్చే సోమవారం పోటీ ఎక్కడుందో వెతుక్కుంటుంటాడు. ఆ వారంలో అసలైన పోటీ అక్కడే జరిగింది.